తిన్నె, దిబ్బ, పూడిక వయసు

ఇసుక తిన్నె, ఇసుక దిబ్బ రెండూ ఒకటేనని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నాకలా అనిపించదు. తిన్నె అనగానే గుర్తొచ్చేది కూర్చునే చోటు, ఇంటి ముందు అరుగు. గాలి నున్నగా దిద్దిన ఇసుకకు ఆ మాట చక్కగా అమరింది. దిబ్బ అంటే పోగుపడి, దళసరిగా నిలిచిపోయినది. పేడదిబ్బ, దిబ్బరొట్టె తలుచుకోండి. మేట మళ్లీ వేరు, అది వరద వదిలిపోయేది.

అందుకే భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను తిన్నెలు అనబుద్ధి కాదు. నిజానికి అది మట్టి కూడా కాదు, చాలావరకు ఇసుకే. రేణువుల మీద ఐరన్ ఆక్సైడ్ పూతలా పట్టి ఎరుపెక్కింది. అక్కడి దిబ్బ గోడను రుద్దితే వేలు ఎర్రబడుతుంది.

నా అసలు పేచీ 'దిబ్బల వయసు' అన్న మాటతో. దేని వయసు? రేణువుదైతే అది కొండరాయి నుంచి రాలింది, కోట్ల ఏళ్లది. శాస్త్రజ్ఞులు లెక్కగట్టేది, ఆ రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందని. పైన ఇసుక కప్పేశాక, చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల రేడియేషన్ వల్ల రేణువులో శక్తి కొద్దికొద్దిగా జమవుతుంది. ఎండ తగిలిందా, ఆ జమ ఖాళీ. అందుకే దిబ్బ గోడలోకి ఇనప గొట్టాన్ని సుత్తితో దిగగొట్టి, రెండు కొసలూ వెలుతురు చొరకుండా మూసి, ల్యాబులో మసక ఎర్ర లైటు కిందే విప్పుతారు. నీలి కాంతి పడగానే రేణువు దాచుకున్నది సన్నని వెలుగుగా బయటికొస్తుంది. మొత్తం జమ 20 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) ఉండి, వెయ్యేళ్లకు 2 గ్రే చొప్పున చేరిందనుకుంటే, పూడిపోయి 10,000 ఏళ్లు. 1985లో కెనడా శాస్త్రజ్ఞులు చూపిన దారి ఇది. కార్బన్ డేటింగ్‌కు గవ్వో బొగ్గో కావాలి, దీనికి ఇసుకే చాలు.

గాలి మళ్లీ లేపి ఎండలో పరిస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. కాబట్టి ఒకే దిబ్బలో అడుగు పొరకు ఒక వయసు, పై పొరకు ఇంకొకటి. సుమారు 20,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి దిగి ఉండేది. అప్పుడు బయటపడ్డ ఇసుక మీద గాలి ఏం చేసిందో పొర పొరకూ వెతకాల్సిందే. అంతటినీ కలిపి 'దిబ్బ వయసు' అంటే ఎలా?

'పూడిక వయసు' అందామా? కాలవల్లో పూడిక తీసే ఊళ్లవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. భీమిలి, చీరాల వైపు పల్లెల్లో ఇలా కప్పబడిపోయిన పాత ఇసుకకు వేరే మాట ఏమైనా ఉందా? విన్నవాళ్లు రాయండి.