మోనోరెపో సీఐలో మారిన ప్యాకేజీలను మాత్రమే గుర్తించడం ఎలా?

మా ప్రాజెక్టుకు చెందిన 14 ప్యాకేజీలు ఒకే గిట్ రిపాజిటరీలో (మోనోరెపోలో) ఉన్నాయి. పుల్ రిక్వెస్ట్ (ఒక బ్రాంచి మార్పులను మెయిన్‌లో కలపమనే అభ్యర్థన) వచ్చినప్పుడు అందులో మారిన ప్యాకేజీలకూ, వాటిపై ఆధారపడినవాటికీ మాత్రమే టెస్టులు నడవాలన్న ఉద్దేశంతో, మెయిన్ బ్రాంచికీ హెడ్‌కూ (ఈ బ్రాంచి చివరి కమిట్‌కూ) మధ్య మూడు చుక్కల గిట్ డిఫ్‌తో (రెండూ విడిపోయిన కమిట్ నుంచి హెడ్ వైపు వచ్చిన మార్పులనే చూపేది) ఫైళ్ల జాబితా తీస్తున్నాను. ఇది నా కంప్యూటరులో సరిగ్గా పనిచేస్తోంది. సీఐ రన్నర్‌లో (టెస్టులను ఆటోమేటిక్‌గా నడిపే యంత్రంలో) మాత్రం రెండు బ్రాంచీలనూ లోతు 1తోనే (చివరి కమిట్ ఒక్కటే) తెస్తున్నందువల్ల 'నో మెర్జ్ బేస్' (రెండింటికీ ఉమ్మడి కమిట్ దొరకలేదు) అనే ఎర్రర్‌తో ఆగిపోతోంది.

లోతును 50కి పెంచితే కొత్త బ్రాంచీలకు సరిపోయింది గానీ, రెండు వారాల కిందట మొదలైనవాటికి అదే ఎర్రర్ మళ్లీ వచ్చింది. మూడు చుక్కల బదులు రెండు పెట్టి చూడగా, ఆ మధ్యకాలంలో మెయిన్‌లో ఇతరులు చేసిన మార్పులు కూడా ఈ బ్రాంచి లెక్కలోకే వచ్చి, దాదాపు అన్ని ప్యాకేజీల టెస్టులూ నడిచాయి. ఎర్రర్ లేకుండా తప్పు జాబితా రావడం నాకు మరింత ఆందోళన కలిగించింది. పూర్తి చరిత్రను తెస్తే జాబితా సరిగ్గానే వస్తోంది, కానీ పాత కమిట్లలో పెద్ద వీడియో ఫైళ్లు ఉన్నందున 2 నిమిషాల టెస్టుల కోసం 6 నిమిషాలు క్లోన్‌కే పోతున్నాయి.

కమిట్లన్నిటినీ తెచ్చుకుంటూ, పాత ఫైళ్లలోని సమాచారాన్ని (బ్లాబులను) వదిలేసే 'బ్లాబ్ నన్' ఫిల్టర్‌తో క్లోన్ చేసి, పేరు మారిన ఫైళ్లను గుర్తించే సదుపాయాన్ని ఆపి మూడు చుక్కల డిఫ్ తీస్తే, పాత బ్లాబులు డౌన్‌లోడ్ కాకుండానే సరైన జాబితా వస్తుందా?