గోదావరి గట్టు, ఘాట్ల వాడకంపై థీసిస్: అడిగినవాళ్ళంతా 'బాగుందండీ' అంటుంటే ఎలా?

లంకగడ్డి:
ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్ పీజీ) థీసిస్‌కి రాజమండ్రి పుష్కర ఘాట్, గట్టు మీది పార్కులు తీసుకున్నాను. ఆ డిజైన్ జనానికి ఎలా అనిపిస్తోంది, ఎలా వాడుకుంటున్నారు అన్నది విషయం. ఐదు పాయింట్ల ప్రశ్నపత్రం ఇస్తే దాదాపు అందరూ నాలుగో ఐదో టిక్ పెడుతున్నారు. పరిశీలనకి ఇంకొకరి సాయం ఉంది. పద్ధతి ఎలా మార్చాలి?

నీటిరేవు:
మెళ్ళో ఐడీ కార్డుతో అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారండి. ముందు అడగడం ఆపి, చూడండి. 1:200 ప్లాను ప్రింటు తీసి, ఒకచోట నిలబడితే మొత్తం కనపడేంత జోన్లుగా విడగొట్టండి. మధ్యలో చెట్టు అడ్డొస్తే అవి రెండు జోన్లే. ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూస్తూ మనిషికో గుర్తు పెట్టండి: ఆడా మగా, వయసు వర్గం, కూర్చున్నారా, నడుస్తున్నారా, ఆడుతున్నారా. చూపు దాటాక వచ్చి చేరినవాళ్ళని కలపొద్దు, కలిపితే రద్దీ జోన్ల లెక్క ఉబ్బిపోతుంది. ఇలా ఒకసారి చూసి గుర్తులు పెట్టడమే ఒక స్కాన్. రోజుకి నాలుగు స్కాన్లు, ఆదివారం తప్పనిసరి.

మొదట్లో ఇద్దరూ ఒకే జోన్‌ని ఒకేసారి విడివిడిగా నింపి పోల్చుకోండి. కప్పా (ఇద్దరి గుర్తులూ ఎంత కలిశాయో చెప్పే కొలత, పూర్తిగా కలిస్తే 1) 0.8 దగ్గరికి రాకపోతే నిర్వచనాలు తిరగరాయాలి. తేడాలు వయసు దగ్గర తేలిగ్గా వచ్చేస్తాయి.

ప్రతి షీట్ మీదా నీడ అంచు గీయండి. ఇది మాత్రం వదలొద్దు. రాజమండ్రి ఎడమ గట్టున ఉంది కాబట్టి మెట్లు పడమటి ముఖం. మధ్యాహ్నం మూడింటికి ఎండ నది మీంచి నేరుగా మొహానికి కొడుతుంది, అప్పటికే మెట్లు కాలిపోతుంటాయి. అప్పుడు ఖాళీగా ఉన్నాయని 'డిజైన్ నచ్చలేదు' అని రాసేస్తే థీసిస్ మొత్తం పక్కదారి పడుతుంది.

కొబ్బరాకు:
అడగడం మొదలుపెట్టాక ఫొటోలతో అడగండి. ఇరవై, ఇరవై నాలుగు చాలు. అన్నీ ఒకే వేళ, ఒకే లెన్సుతో, కంటి ఎత్తున, అంటే 1.5 మీటర్ల దగ్గర తీయాలి, మనుషులు పడకూడదు. ఎంపికకి పర్యావరణ మనస్తత్వవేత్తలు కప్లాన్ దంపతులు చెప్పిన నాలుగు లక్షణాలు పనికొస్తాయి: పొందిక, వైవిధ్యం, దారి తేలిగ్గా తెలియడం, ముందుకెళ్తే ఇంకేదో ఉందనిపించడం.

అసలు చిక్కు గోదావరితోనే. నీళ్ళున్న ఫొటోకి మార్కులు ఎక్కువ పడతాయన్నది ఈ రంగంలో పాత సంగతే. నది ఫ్రేములో ఉంటే మార్కులు బెంచీకి పడ్డాయో ఏటికి పడ్డాయో తేలదు. అదే బెంచీని నది కనపడేలా ఒకటి, కనపడకుండా ఒకటి తీయండి. మార్కులు వేయమనకుండా రెండేసి చూపించి, 'సాయంత్రం మీ అమ్మగారిని తీసుకొస్తే ఎక్కడ కూర్చోబెడతారు?' అనండి. జవాబు వెంటనే 'ఎందుకని?' అడిగి, వాళ్ళ మాటల్లోనే రాసుకోండి.

గట్టుదారి:
రానివాళ్ళని వదిలేస్తున్నారు. గట్టు వెనక వీధుల్లో ఇంటింటికీ వెళ్ళి అడగాలి. ఘాట్‌లో దొరికేవాళ్ళు ఎలాగూ నచ్చి వచ్చినవాళ్ళే కదా. కార్తీకమాసం, శివరాత్రి షీట్లు విడిగా ఉంచండి, సగటులో కలిపితే మామూలు రోజు మాయమైపోతుంది. వరదొచ్చి కింది మెట్లు మునిగితే ఆ రోజు ప్లాను కొత్తగా గీయాలి.

లంకగడ్డి:
నీడ అంచు ఎంతసేపటికోసారి గీయాలండి?

నీటిరేవు:
ప్రతి స్కాన్ మొదట్లో ఒకసారి. సాయంత్రం నాలుగు దాటాక నీడ త్వరత్వరగా సాగుతుంది, అప్పుడు స్కాన్ చివర కూడా ఇంకో రంగుతో గీయండి.