ఎత్తడం, మోయడం, దించడం: ‘గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసిన పని’

ప్రశ్న: ‘గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసిన పని’ అనే మాట పిల్లలకు ఎంత చెప్పినా కొరుకుడు పడటం లేదు. ‘పని’ బదులు ఇంకో మాట పెడితే మేలంటారా?

జవాబు: ‘పని’ని కదపక్కర్లేదండీ. పక్కన సరైన క్రియ పడితే చాలు. అవి మనకు మూడున్నాయి: ఎత్తు, మోయు, దించు.

నేల మీది 10 కిలోల పెట్టెను 1.5 మీటర్ల ఎత్తున్న అరలో పెట్టామనుకోండి. 10ని 9.8తో (గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో ఆ విలువ) గుణిస్తే భూమి దాన్ని లాగే బలం, 98 న్యూటన్లు. దాన్ని ఎత్తుతో గుణిస్తే చేసిన పని, 147 జౌల్స్. ఇంతే లెక్క. పిల్లలు తడబడేది ఎక్కువగా ఆ 9.8 దగ్గరే, కిలోలను నేరుగా మీటర్లతో గుణించేస్తారు. ఏటవాలు బల్ల మీదుగా పైకి తోసినా, రాపిడిని పక్కన పెడితే, అదే 147. దారి పొడవుతో నిమిత్తం లేదు, నిలువు ఎత్తే లెక్క. తెలుగులో చేసే పనికీ ఆ కొలతకూ మాట ఒకటే కావడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది: ఎంత ‘ఎత్తు’ ఎత్తామన్నదే ప్రశ్న, జవాబూ అందులోనే.

ఇక మోయడం. అదే పెట్టెను చేతుల్లో పట్టుకుని గంటసేపు నిలబడినా, చదునైన నేల మీద నడిచినా గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా చేసిన పని సున్నా. పిల్లలు ఒప్పుకోనిది ఇక్కడే. ‘చేతులు పీకేస్తుంటే సున్నా ఏంటి?’ అంటారు. న్యాయమైన ప్రశ్న. బరువును నిలిపి ఉంచడానికి కండరాల పోగులు బిగుస్తూ వదులవుతూనే ఉంటాయి, దానికి శక్తి ఖర్చవుతుంది, అది వేడిగా పోతుంది. పెట్టెకు మాత్రం ఏమీ చేరదు. ఖర్చయింది ఒంట్లో, లెక్క కట్టేది పెట్టెకు.

దించేటప్పుడు మన చేతులు చేసిన పని మైనస్ 147. బలం పైకి, కదలిక కిందికి కాబట్టి.

‘మరి బిడ్డను ఎత్తుకుని నడిచాను అంటాం కదా, అక్కడ ఎత్తు ఏది?’ అని వ్యాఖ్యల్లో ఒకరు అడిగారు. మంచి పట్టు. ‘ఎత్తుకొను’లో పైకి తీసుకోవడమూ ఉంది, అలాగే ఉంచుకోవడమూ ఉంది. లెక్కకు పనికొచ్చేది మొదటి అర్థమే. అందుకే ప్రశ్నపత్రంలో ‘ఎత్తుకుని నడిచాడు’ అని రాయకుండా ‘నేల నుంచి ఎత్తాడు, మోసుకెళ్లాడు, దించాడు’ అని విడివిడిగా రాయమంటాను. మూడు క్రియలకూ మూడు విలువలు, పిల్లలు వేర్వేరుగా వేసుకుంటారు.