రోడ్స్ ట్రైహెమియోలియా నమూనా: వాల్చిన తెరచాప కొయ్య ఎటు?

సముద్రపు దొంగలను తరమడానికి ప్రాచీన గ్రీకు దీవి రోడ్స్ నౌకాదళం వాడిన ట్రైహెమియోలియా అనే తెడ్ల యుద్ధనౌకను 1:72 కొలతలో చేస్తున్నాను. పొడవు 45 సెం.మీ., డెక్ వెడల్పు 5.5, పక్కకు 60 తెడ్లు. తెడ్ల కంతలు సమోత్రాకే అనే గ్రీకు దీవిలో దొరికిన విజయదేవత విగ్రహం కింది రాతి ఓడముక్కు చూసి పెట్టినవే, అక్కడ ఇబ్బంది లేదు.

చిక్కంతా తెరచాప కొయ్య వెనకే. అక్కడ పై వరుస తెడ్లవాళ్లను తీసేసి వడిసెలవాళ్లను, విలుకాళ్లను నిలబెట్టాను. పోరాటానికి ముందు తెరచాప చుట్టిన కొయ్యను నడిమధ్య వాలిస్తే అటూ ఇటూ 2 సెం.మీ. మిగులుతోంది, వడిసెల తిప్పే బొమ్మకు 3 కావాలి. ఊతకర్రల మీదికెత్తితే చుక్కానివాడికి అడ్డం. ఒడ్డున వదిలేశారనుకుందామంటే, గాలివాటున పారిపోయే దొంగల వెంటపడే ఓడకు అది పొసగదు. రోడ్స్‌లోని లిండోస్‌లో ఉన్న ఓడ రాతి చెక్కడంలో కనిపించేది వెనకభాగమే, కొయ్య సంగతి తేలదు.

పోరాట వేళ కొయ్యను ముందుకు వాల్చాలా, వెనక్కా?