తుఫాన్ల కాలానికి ముందే ఇంటి కరెంటు, ఇన్వర్టర్, జనరేటర్ సిద్ధం చేసుకోవడం

తీరంవాసి
అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాకు తుఫాన్ల కాలం. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ రెండూ చూపించింది ఒకటే. గాలి ఒక పూటలో పోతుంది, కరెంటు రావడానికి రోజులు పడుతుంది. హెచ్చరిక వచ్చాక ఎలక్ట్రీషియన్ దొరకడు, డిస్టిల్డ్ వాటర్ క్యాన్ కూడా దొరకదు. అందుకే ఇప్పుడే మొదలుపెడదాం. సింగిల్ ఫేజ్ సర్వీసు, బోరులో 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఇన్వర్టర్, 3 కేవీఏ పెట్రోలు జనరేటర్ ఉన్న ఇల్లు అనుకుని ఈ ఫోరంలో తెలిసినవాళ్లంతా తమ పేరు కింద రాయండి. మన ఊళ్లలో ఎక్కువగా ఉండేది అదే.

కటౌట్ ఫ్యూజు
బయటి నుంచి మొదలుపెట్టండి. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు, దాన్ని మోసే జీఐ తీగ (జింకు పూత ఇనుప తీగ) చూడండి. సముద్రం దగ్గర ఆ తీగ తుప్పుపట్టి, గాలికి అదే ముందు తెగుతుంది. తీగ పొడిపొడిగా రాలుతుంటే మార్పించండి. సర్వీసు పైపు పైవంపు నోరు కిందికి తిరిగి ఉండాలి. వైరు అందులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు వదలాలి. ఆ వంపు లేకపోతే వాన నీరు వైరు వెంబడి జారి నేరుగా మీటరు బోర్డులోకి దిగుతుంది.

వైరు మీదికి వంగిన కొబ్బరి మట్టలు, మునగ కొమ్మలు మీరు కొట్టొద్దు. లైన్‌మ్యాన్‌కి చెబితే ఎల్‌సీ (లైను ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని కొడతారు. తుఫాను వారంలో అడిగితే వాళ్లకు తీరిక ఉండదు.

ఇంకొకటి, మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు. గాలి రాకముందే నిండా నింపండి. నీళ్లకు నీళ్లు ఉంటాయి, ట్యాంకు ఎగిరి సర్వీసు వైరు మీద పడకుండానూ ఉంటుంది.

గోదారిగట్టు
టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయేది పిడుగుల వల్లే అనుకుంటారు. తుఫానులో ఎక్కువ నష్టం న్యూట్రల్ తెగడం వల్ల. స్తంభం ఒరిగి న్యూట్రల్ ఒక్కటే తెగితే, మీ ఇల్లు ఇంకో ఫేజు మీదున్న ఇంటితో సిరీస్‌లో పడుతుంది. ఇళ్లకు రావాల్సింది 230 వోల్టులు. ఆ రెండు ఫేజుల మధ్య ఉండేది 400 పైన. లోడు తక్కువ ఉన్న ఇంటి మీద ఎక్కువ వోల్టేజీ పడుతుంది. బల్బులు కొన్ని భగ్గున వెలిగి కొన్ని మసకబారితే అదే గుర్తు. క్షణం ఆగకుండా మెయిన్ దించేయండి.

లోడు మించితే పడే ఎంసీబీ దీన్ని ఆపదు, కరెంటు లీకైతే పడే ఆర్‌సీసీబీ కూడా ఆపదు. డీబీలో (ఎంసీబీలు ఉండే బోర్డులో) ఓవర్-అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్ పెట్టించండి. పైన 265, కింద 170, తిరిగి కలపడానికి 3 నిమిషాల ఆలస్యం సెట్ చేయండి. ఆ 3 నిమిషాలు ఫ్రిజ్ కంప్రెసర్ కోసం. గ్యాస్ ఒత్తిడి సర్దుకోకముందే కరెంటు వస్తే అది తిరగలేక వేడెక్కిపోతుంది.

11కేవీ
జనరేటర్ దగ్గరికి వద్దాం. దయచేసి రెండు పక్కలా ప్లగ్ ఉన్న వైరుతో జనరేటర్‌ని గోడ సాకెట్‌లో గుచ్చే పని చేయకండి. మీ 230 వోల్టులు సర్వీసు వైరు గుండా వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌కు వెళ్తాయి. అక్కడ అవి 11,000 అవుతాయి. లైను చచ్చిపోయిందని నమ్మి స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది. మెయిన్ దించి పెడతాం కదా అంటారు. ఆ హడావుడిలో ఇంట్లో ఇంకెవరైనా మెయిన్ ఎత్తితే? పైగా ఆ వైరు రెండో కొన ఊడితే చేతిలో ఉన్న పిన్నుల్లోనే కరెంటు ఉంటుంది.

సరైన పద్ధతి మాన్యువల్ చేంజోవర్ స్విచ్. సింగిల్ ఫేజ్‌కి డబుల్ పోల్ 32 లేదా 40 ఆంపియర్లు చాలు. మధ్యలో ఆఫ్, ఒకవైపు లైను, ఇంకోవైపు జనరేటర్. రెండూ కలిసే వీలే ఉండదు. మీటరు తర్వాత, డీబీకి ముందు వస్తుంది. జనరేటర్ నుంచి దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్ కేబుల్ వేయండి. 15 మీటర్లు దాటితే 4 వేయండి.

తీరంవాసి
11కేవీ గారూ, త్రీ ఫేజ్ సర్వీసు ఉన్నవాళ్లు?

11కేవీ
ఫోర్ పోల్ చేంజోవర్. సింగిల్ ఫేజ్ జనరేటర్ అయితే జనరేటర్ వైపు మూడు ఫేజు టెర్మినళ్లనూ లూప్ చేస్తారు. అప్పుడు త్రీ ఫేజ్ మోటారు ఎంసీబీ తప్పకుండా దించి, పైన చీటీ అంటించండి. ఆ మోటారు తిరగదు, ప్రొటెక్షన్ లేకపోతే వైండింగ్ మాడిపోతుంది.

ముప్పై మిల్లీఆంప్
ఇక్కడ చాలామంది ఎలక్ట్రీషియన్లు వదిలేసే సంగతి ఒకటి ఉంది. చిన్న జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ ఎర్త్‌కి కలిసి ఉండదు, తేలుతూ ఉంటుంది. లైను మీద ఉన్నప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ ఎర్త్ అయి ఉంటుంది కాబట్టి 30 మిల్లీఆంప్ ఆర్‌సీసీబీ పనిచేస్తుంది. జనరేటర్ మీదికి మారగానే లీకైన కరెంటు భూమి గుండా తిరిగొచ్చే దారి ఉండదు, ఆర్‌సీసీబీ ఊరికే చూస్తూ ఉంటుంది. మొదటి లీకుకి షాక్ కొట్టకపోవచ్చు. తడి ఇంట్లో రెండో లీకు వచ్చిందంటే అప్పుడు కొడుతుంది.

ఆర్‌సీసీబీ మీదున్న 'T' (టెస్ట్) బటన్ నొక్కితే పడింది కదా అని నమ్మొద్దు. ఆ బటన్ లోపలే ఫేజు నుంచి న్యూట్రల్‌కి కొంచెం కరెంటు పక్కదారిన పంపిస్తుంది. ఎర్త్ ఉన్నా లేకపోయినా పడుతుంది.

చేయాల్సింది ఇది. జనరేటర్ ఆపి, కేబుల్ తీసేసి, సాకెట్ న్యూట్రల్‌కీ ఫ్రేముకీ మధ్య మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (రెండూ కలిసి ఉన్నాయా అని) చూడండి. లేకపోతే, చేంజోవర్ న్యూట్రల్‌ని కూడా తెంచే రకమైతేనే, జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ని ఫ్రేముకి, ఫ్రేముని ఇంటి ఎర్త్‌కి కలిపించండి. సూట్‌కేసు సైజు ఇన్వర్టర్ జనరేటర్లలో కొన్నిటికి కంపెనీ దీన్ని ఒప్పుకోదు, ముందు మాన్యువల్ చూడండి.

బోరుబావి
3 కేవీఏ మీద 1 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ అంచున నడుస్తుంది. నడిచేటప్పుడు సుమారు 1.2 కిలోవాట్లే, స్టార్టింగ్‌లో మాత్రం కరెంటు నాలుగైదు రెట్లు లాగుతుంది. కాబట్టి వరుస ముఖ్యం. ముందు అన్ని ఎంసీబీలు దించి జనరేటర్ స్టార్ట్ చేసి 2, 3 నిమిషాలు వేడెక్కనివ్వండి. తర్వాత మోటారు ఒక్కటే. అది అందుకున్నాక ఫ్రిజ్, ఆపైన లైట్లు. ఫ్రిజ్ నడుస్తుండగా మోటారు వేస్తే వోల్టేజీ కూలబడి రెండూ ఇబ్బంది పడతాయి.

మోటారు గుర్రుమని తిరగకపోతే జనరేటర్‌ని తిట్టేముందు స్టార్టర్ బాక్సులో కెపాసిటర్ చూడండి. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్‌తో, ఛార్జి దించాకే. రాసి ఉన్నదానికంటే పదో వంతుకి మించి తగ్గితే మార్చేయండి. లైను కరెంటు మీద ఎలాగో లాక్కొచ్చే నీరసపు కెపాసిటర్ జనరేటర్ మీద చేతులెత్తేస్తుంది. 1.5 హెచ్‌పీ అయితే 5 కేవీఏకి తగ్గకండి.

స్పార్క్‌ప్లగ్
జనరేటర్ మూలనుంచి తీసి ఖాళీగా స్టార్ట్ చేసి బాగుందనుకోవడం పరీక్ష కాదు. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె లోడు పెట్టి 20 నిమిషాలు నడపండి. ఖాళీగా 52, 53 హెర్ట్జ్ చూపించి, లోడు మీద 50 దగ్గర నిలబడాలి. వోల్టేజీ 215 నుంచి 240 లోపు ఉండాలి. 260 దాటితే ఏవీఆర్ (జనరేటర్‌లో వోల్టేజీని అదుపు చేసే భాగం) మెకానిక్‌కి చూపించాలి. లోడు పడగానే దగ్గి ఆగిపోతే కార్బురేటర్ జెట్టులో చెత్త ఉన్నట్టు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీరు కింద పేరుకుని జెట్టు పూడిపోతుంది. పని అయ్యాక ఫ్యూయల్ కాక్ మూసి, ఇంజను తనంతట తాను ఆగేదాకా నడపండి. కార్బురేటర్ ఖాళీ అవుతుంది.

పెట్రోలు 3 కేవీఏకి సగం పైన లోడు మీద గంటకు లీటరు, లీటరున్నర అనుకోండి. రోజుకు 3 గంటల చొప్పున 4 రోజులకు 12 నుంచి 18 లీటర్లు. లైసెన్సు లేకుండా ఇంట్లో 30 లీటర్లు మించకూడదు. బిగుతు మూత ఉన్న లోహపు డబ్బాలో పెట్టాలి, ఒక్కో డబ్బా 25 లీటర్లు దాటకూడదు. మంచినీళ్ల సీసాలు, తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు వద్దే వద్దు.

కొత్త ఇంజను ఆయిల్ మొదటి 20 గంటలకు, తర్వాత 100 గంటలకు మార్చండి. తుఫాను రోజుల్లో పెట్రోలు పోసిన ప్రతిసారీ డిప్‌స్టిక్ చూడండి. నేల వాలుగా ఉన్నా లో-ఆయిల్ సెన్సార్ ఇంజనుని ఆపేస్తుంది, ముందు సమతలంగా పెట్టి చూడండి. విడిగా ఒక స్పార్క్ ప్లగ్, లీటరు 10డబ్ల్యూ-30 ఆయిల్, స్టార్టర్ తాడు దగ్గర ఉంచుకోండి. వేడి ఇంజనులో పెట్రోలు పోయొద్దు, కనీసం 10 నిమిషాలు ఆగండి.

గోదారిగట్టు
దీనికి ఒకటి కలుపుతాను. వాన పడుతోందని జనరేటర్‌ని వరండాలోకో, మెట్ల కిందికో, పార్కింగ్ సెల్లార్‌లోకో తోసేస్తారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు. తలనొప్పి, వికారం వచ్చేసరికి లేచి నడిచే శక్తి ఉండదు. కిటికీలకు, తలుపులకు 6 మీటర్ల దూరంలో, సైలెన్సర్ నోరు ఇంటివైపు కాకుండా బయటివైపు తిరిగేలా, నాలుగు పక్కలా తెరిచి ఉన్న రేకు కింద పెట్టండి. గాలి ఉధృతంగా ఉన్నప్పుడు నడపనే వద్దు, ఆ పూటకు ఇన్వర్టర్ చాలు. తుఫాను కన్ను మీద నుంచి వెళ్తే గాలి కాసేపు ఆగిపోతుంది, తర్వాత ఎదురు దిక్కు నుంచి కొడుతుంది. ఆ విరామంలో బయటికి లాగి స్టార్ట్ చేయకండి.

ట్యూబులర్
ఇన్వర్టర్ లెక్క చాలామంది తప్పు వేస్తారు. 12 వోల్టుల 150 ఏహెచ్ అంటే 1800 వాట్-అవర్లు. బ్యాటరీ పాడవకుండా, ఇన్వర్టర్ నష్టం పోగా చేతికొచ్చేది 1000 నుంచి 1100. మామూలు ఫ్యాన్లు రెండు 150 వాట్లు, 9 వాట్ల లైట్లు మూడు, రూటరు కలిపి దాదాపు 190. ఐదున్నర గంటల్లో ఖాళీ. అవే తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే మొత్తం 100 లోపే, రాత్రంతా నడుస్తాయి. ఈ ఏడాది ఒక్క ఖర్చే పెట్టగలిగితే అది ఆ రెండు ఫ్యాన్ల మీద పెట్టండి.

జనరేటర్‌తో 3 గంటలు ఛార్జి చేస్తే నిండిపోతుందనుకోవద్దు. 12 ఆంపియర్ల ఛార్జరు 3 గంటల్లో ఇచ్చేది 36 ఏహెచ్. రాత్రి వాడకం దానికి లోబడే ఉండాలి. జనరేటర్ మీద ఇన్వర్టర్ ఛార్జింగ్ తీసుకోకుండా టిక్కుటిక్కుమంటుంటే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందేమో చూడండి. అందులో 180 నుంచి 260 దాకానే ఒప్పుకుంటుంది. రెండో మోడ్‌లో పెడితే తీసుకుంటుంది.

ఫ్లోట్ గుర్తు ఆకుపచ్చ గీత దాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి, దాటొద్దు. ఆర్ఓ నీళ్లు, యాసిడ్ పోయకూడదు. టెర్మినళ్లకు వాసెలిన్. ఉప్పెన ముప్పున్న చోట బ్యాటరీని మీటరు ఎత్తు బల్ల మీదికి ఎక్కించండి.

మేడమీద సోలార్
ఆన్-గ్రిడ్ (లైనుకు కలిపి ఉండే) సోలార్ ఉంది కాబట్టి పగలు కరెంటు ఉంటుందని అనుకోకండి. లైను పోగానే అది కూడా ఆగిపోతుంది. లైన్‌మ్యాన్‌ను కాపాడేందుకే ఆ ఏర్పాటు. దాని కనెక్షన్ చేంజోవర్‌కు లైను వైపునే ఉండాలి. ఇంటి వైపు ఉంటే జనరేటర్‌ని చూసి లైను వచ్చిందనుకుని కరెంటు తోస్తుంది, జనరేటర్ దెబ్బతింటుంది. తుఫానుకు ముందు రోజు సోలార్ ఏసీ ఐసోలేటర్ స్విచ్, ఆపైన డీసీ ఐసోలేటర్ స్విచ్ దించి, ప్యానెల్ క్లాంపుల బోల్టులు బిగించండి.

కటౌట్ ఫ్యూజు
నీళ్లు ఇంట్లోకి వచ్చి సాకెట్లు మునిగితే కరెంటు వచ్చినా మెయిన్ ఎత్తొద్దు. మునిగిన ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఆరబెట్టి వాడకండి, పారేయండి. ఉప్పునీరు తాకిన సాకెట్ బాక్సులు మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి, లేకపోతే ఉప్పు పొర తేమ పీలుస్తూనే ఉంటుంది. తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) ఒక్కో సర్క్యూట్ చూపించండి. ఫేజు నుంచి ఎర్త్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే ఆ సర్క్యూట్ పక్కన పెట్టాలి.

తెగిపడ్డ తీగ కనిపిస్తే దరిదాపులకు పోకుండా, పిల్లల్ని, పశువుల్ని అటు వెళ్లనీయకుండా 1912కి ఫోన్ చేయండి.

తీరంవాసి
లైను వచ్చాక చేంజోవర్ వెంటనే తిప్పేయొచ్చా?

11కేవీ
వెంటనే వద్దు. మొదటి గంటలో లైను రెండు మూడుసార్లు వచ్చి పోతుంది, న్యూట్రల్ సరిగా కలపని చోట్లు కూడా అప్పుడే బయటపడతాయి. లైను వైపు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్‌తో కొలవండి. 210 నుంచి 250 మధ్య పావుగంట నిలకడగా ఉంటే జనరేటర్ లోడు దించి, ఇంజను ఆపి, అన్ని ఎంసీబీలు దించి, అప్పుడు చేంజోవర్ తిప్పండి. ముందు లైట్ల ఎంసీబీ ఎత్తండి. 10 నిమిషాలు బల్బులు ఊగకుండా వెలిగితే ఫ్రిజ్, అన్నిటికన్నా చివర మోటారు.