వర్డ్ ప్రాబ్లమ్స్ దగ్గర ఆగిపోతున్న పిల్లలు: కథలు, యాప్‌లు

ప్రశ్న: ఇండియా నుంచి ఈమధ్యే విదేశానికి వచ్చాం. పాపకు ఆరేళ్లు, బాబుకు తొమ్మిది. అంకెలిస్తే పాప చకచకా చేస్తుంది. అదే లెక్క ఇంగ్లిష్ వాక్యాల్లో ఇస్తే తడబడుతోంది. మంచి యాప్ ఏదైనా ఉందా అండీ?

జవాబు 1: యాప్ సంగతి తర్వాత చూద్దామండీ. ముందు కథ తెలుగులోనే, అంకెల్లేకుండా చెప్పండి. "కుందేలు దాచుకున్నవాటిలో కొన్ని నక్క ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఎక్కువున్నాయా, తక్కువున్నాయా?" దానికి జవాబొచ్చాకే అంకెలు చేర్చండి. ఆపైన అదే కథ ఇంగ్లిష్‌లో. అప్పుడు తను ఆగేది లెక్క దగ్గరో, భాష దగ్గరో తేలిపోతుంది.

"మోర్ (ఎక్కువ) అని ఉంటే కూడెయ్" అని మాత్రం నేర్పకండి. రవి దగ్గర 8 గోళీలున్నాయి, అవి లతవాటికన్నా 3 ఎక్కువ. మరి లతకెన్ని? మోర్ చూసి కూడితే 11 వస్తుంది, జవాబేమో 5. గోళీలు రెండు వరుసల్లో ఎదురెదురుగా పేర్చి చూపించండి.

జవాబు 2: పాపకు స్క్రాచ్ జూనియర్ పెట్టండి, బ్లాకులు తగిలించి బొమ్మల్ని కదిలించే యాప్ అది. ఉచితం, 5–7 ఏళ్లవాళ్ల కోసం చేసింది, చదవడం రాకున్నా పర్లేదు. గ్రిడ్ నొక్కితే అడ్డంగా 20, నిలువుగా 15 గళ్లు వస్తాయి. బొమ్మను 3వ గడిలో పెట్టి, పచ్చజెండా బ్లాకుకు కుడివైపు నడిచే బ్లాకు తగిలించి 8 వేయండి. కథను మీ గొంతుతో తెలుగులో రికార్డు చేసి పెట్టొచ్చు.

జెండా నొక్కేముందే బొమ్మ ఏ గడిలో ఆగుతుందో పాప వేలు పెట్టి చూపించాలి. లెక్కంతా అక్కడే ఉంది. అది వదిలేస్తే మిగిలేది బొమ్మల సినిమానే.

బ్లాకుల్నే నేరుగా నొక్కి మళ్లీ నడిపిస్తే బొమ్మ 11 నుంచి బయల్దేరుతుంది, అందుకని మొదట్లో గో హోమ్ బ్లాకు పెట్టండి, అది బొమ్మను మొదటి గడికే తెస్తుంది. 20 దాటితే అటువైపు మాయమై ఇటువైపు తేలుతుంది. 17కి 5 కలిపితే 2 అని చూపిస్తే పాప తికమకపడుతుంది, మొత్తం 20లోపే ఉంచండి.

జవాబు 3: బాబుకు మామూలు స్క్రాచ్, అంటే అలాంటిదే, కాస్త పెద్దపిల్లలకు. అందులో తెర అడ్డంగా -240 నుంచి 240 దాకా ఉంటుంది, రుణసంఖ్యలకు భలే వీలు. దొంగను -90 దగ్గర, పోలీసును 60 దగ్గర నిలబెట్టి, మధ్య దూరమెంతో అడగండి. 30 అంటే మైనస్ గుర్తు వదిలేశాడన్నమాట. 150 అడుగులు నడిపించి చూసుకోమనండి.

స్టార్లిచ్చే క్విజ్ యాప్‌లు వద్దు. చాలావాటిలో నాలుగు ఆప్షన్లూ వరసగా నొక్కితే స్టార్ ఎలాగూ వస్తుంది. ఇంకోటి, 1,00,000 అని రాసే అలవాటుంటే 100,000 కూడా అదేనని బాబుకు ముందే చెప్పండి.