ఎం. ఆర్. జేమ్స్ దెయ్యాన్ని దాస్తాడా, చూపిస్తాడా?

పాతపెట్టె:
దెయ్యం కథలు రాసే మనవాళ్ళు ఒకసారి ఎం. ఆర్. జేమ్స్‌ని చదవాలి. కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీకి, ఆ తర్వాత ఈటన్ స్కూలుకి పెద్దగా చేసిన ఇంగ్లీషు పండితుడు. క్రిస్మస్‌కి స్నేహితుల ముందు చదవడానికి రాసుకున్న కథలు 1904లో మొదటి పుస్తకంగా వచ్చాయి. ఆయన బలమంతా చెప్పీ చెప్పకుండా వదిలెయ్యడంలోనే ఉంది. దెయ్యాన్ని చూపించడు. 1929లో ఒక వ్యాసంలో తనే అన్నాడు కూడా: గుంభన పాతకాలపు నీతిలా వినిపించినా కళకి అదే మేలు, బాహాటంగా కుమ్మరిస్తే అంతా చెడుతుందని. మనకి మాత్రం రెండో పేజీకే తెల్లచీర, విరబోసిన జుట్టు, వెనక్కి తిరిగిన పాదాలు. మీరేమంటారు?

రాత్రిబండి:
అందరూ ఇదే మాటంటారు గానీ, కథలు తెరిచి చూస్తే అలా లేదండీ. ‘కానన్ ఆల్బెరిక్స్ స్క్రాప్‌బుక్’ తీసుకోండి. డెనిస్టన్ అనే ఆయన ఫ్రాన్సులో పాత పుస్తకం ఒకటి కొని, రాత్రి గదిలో ఒంటరిగా చూసుకుంటుంటాడు. మోచేతి పక్కన ఏదో నల్లగా ఉంటుంది. కలం తుడిచే గుడ్డ అనుకుంటాడు. కాదు. ఎలుకా? ఎలుక ఇంత నల్లగా ఉండదు. పెద్ద సాలీడా? అప్పుడు తెలుస్తుంది, అది చెయ్యి.

అక్కడ ఆపేశాడా? లేదు. ఎముకలకీ నరాలకీ అంటుకుపోయిన చర్మం, మనిషి చేతికి మొలవనంత పొడుగు వెంట్రుకలు, వంకర తిరిగిన బూడిదరంగు గోళ్ళు, తర్వాత దవడ, పసుపు కళ్ళు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. పైగా ఆ 1904 పుస్తకంలో మిత్రుడు మెక్‌బ్రైడ్ గీసిన బొమ్మలున్నాయి, ‘ఓ విజిల్’ కథలో దుప్పటి దెయ్యం బొమ్మతో సహా. దాచాలనుకున్నవాడు బొమ్మ వేయించుకుంటాడా?

ఆ వ్యాసంలో ఆయన చిరాకుపడింది కుళ్ళిన శవాలూ సెక్సూ కుక్కిన కథల మీద. దెయ్యం కనపడకూడదని అనలేదు.

సగంచదివిన:
నాకైతే నిద్రొచ్చిందండీ బాబూ. చర్చి, లైబ్రరీ, లాటిను, మళ్ళీ చర్చి. దెయ్యం వచ్చేసరికి నేను లేను.

చిన్నక్క:
@సగంచదివిన, ‘కాస్టింగ్ ద రూన్స్’తో మొదలెట్టు నాయనా, అందులో చర్చిల గోల తక్కువ. డన్నింగ్ అనే ఆయన చీకట్లో దిండు కిందికి చెయ్యి పోనిస్తాడు, గడియారం కోసం. చెయ్యి అంతదాకా వెళ్ళదు. నోరు తగులుతుంది, పళ్ళతో, చుట్టూ వెంట్రుకలతో. మనిషి నోరు కాదు. ఒక్క వాక్యమే! ఆ తర్వాత కొన్ని రాత్రులు నేను దిండు గోడకి ఆనించి పడుకున్నాను.

ఇదే కథని 1957లో ‘నైట్ ఆఫ్ ద డెమన్’ అని సినిమా తీశారు. మొదట్లోనే ఆ భూతాన్ని తెరనిండా చూపించేశారు. దర్శకుడు టూర్నర్ వద్దన్నా నిర్మాత పెట్టించాడని చెబుతారు. నాకు నవ్వొచ్చింది. కాబట్టి పాతపెట్టె గారి మాటలో కొంత నిజముంది. జేమ్స్ చూపిస్తాడు, ఒప్పుకుంటా. కానీ కంటికంటే ఎక్కువగా చేతికి చూపిస్తాడు, వెంటనే లాగేసుకుంటాడు.

పాతపెట్టె:
చెయ్యి సంగతి సరే, ‘కౌంట్ మాగ్నస్’కి ఏమంటారు? స్వీడన్‌లో ఆ కౌంట్ (ప్రభువు) సమాధి పెట్టెకి మూడు తాళాలు. రాక్సల్ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఆ కౌంట్‌ని చూడాలని కోరుకున్నకొద్దీ ఒక్కొక్కటీ ఊడిపడుతుంది. మూడోది పడి మూత లేస్తుంటే పరుగెత్తుకొచ్చేస్తాడు. చివరికి ఇంగ్లండులో ఆయన శవాన్ని చూసిన పంచాయితీదారుల్లో ఏడుగురు మూర్ఛపోయారు, ఏం చూశారో ఒక్కడూ నోరు విప్పలేదు. ఇది దాచడం కాదా?

రాత్రిబండి:
అదే కథలో, అడవిలోకి వేటకెళ్ళిన ఆండర్స్ సంగతి మరిచిపోయారా? అందగాడు. తెచ్చేసరికి ముఖం లేదు, ఎముకల మీది మాంసమంతా పీల్చేసి ఉంది. ఇంతకంటే ఏం చూపించమంటారు?

పాతపెట్టె:
అది ఎవరు చెప్పారండీ? సత్రం యజమాని, తన తాత నాటి ముచ్చటగా. తొంభై ఏళ్ళ కిందటి మాట. ఆండర్స్‌ని జేమ్స్ మనకి చూపించలేదు, చూసినవాళ్ళ మనవడిని తెచ్చి కూర్చోబెట్టాడు.

రాత్రిబండి:
మరి డెనిస్టన్ బల్ల మీది చెయ్యి ఏ తాత చెప్పాడో కూడా చెప్పండి.